లెన్స్ ముందు పెట్టే ప్రొటెక్టర్ ఫిల్టర్: రెండేళ్లు వాడాక చెబుతున్నా

రోడ్డు పక్కన వరసగా ఏడు వీధి దీపాలు. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, నిదానంగా ఫ్రేమ్ సరిచూసుకుని, 8 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చి తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే పైన ఏడు దీపాలు ఉన్నాయి, కింద చీకట్లో ఇంకో ఏడు ఆకుపచ్చ చుక్కలు కూడా ఉన్నాయి. లెన్స్ కొత్తది. చాలాకాలం డబ్బు కూడబెట్టుకుని కొన్నది. అది పాడైపోయిందేమోనని టెన్షన్‌తో ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆ ఫొటోని పెద్దది చేసి చాలాసేపు చూశాను. దీపం పైన ఎడమ మూలలో ఉంటే దాని చుక్క కింద కుడి మూలలో ఉంది, దీపం మధ్యకి దగ్గరగా ఉంటే చుక్క కూడా అవతలి వైపు మధ్యకి అంతే దగ్గరగా ఉంది. అంటే ఫొటోని మధ్యబిందువు చుట్టూ తలకిందులు చేస్తే ఆ ఏడు చుక్కలూ ఏడు దీపాల మీద సరిగ్గా కూర్చుంటాయి. ఆ సాయంత్రం మళ్లీ అదే చోటికి వెళ్లి, లెన్స్ కొన్నప్పుడు దాంతోపాటు చేతిలో పెట్టిన ఫిల్టర్ని ఊడదీసి అదే ఫొటో తీశాను. చుక్కలు లేవు. లెన్స్‌లో ఏ దోషమూ లేదు, దాన్ని కాపాడుతుందని నేను పెట్టిన అద్దమే ఫొటోని పాడుచేసింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే ఫిల్టర్ ఎలా ఎంచుకోవాలో సగం తెలిసిపోతుంది. కెమెరాలో సెన్సర్, అంటే ఫొటో నమోదయ్యే పలక, అద్దంలా మెరుస్తుంది. దాని మీద పడిన వెలుతురులో కొంత వెనక్కి తిరిగి లెన్స్ గుండా బయటికి వస్తుంది. లెన్స్‌లోని అద్దాలు వంపుగా ఉంటాయి కాబట్టి వాటి మీద తగిలిన వెలుతురు చాలావరకు చెల్లాచెదురైపోతుంది. ఫిల్టర్ మాత్రం పూర్తిగా చదునైన అద్దం, పైగా సెన్సర్‌కి సమాంతరంగా నిలబడి ఉంటుంది. తిరిగి వచ్చిన దీపం వెలుతురుని అది ముఖం చూసుకునే అద్దంలా మళ్లీ లోపలికి కొడుతుంది, ఆ వెలుతురు తలకిందుల చోట స్పష్టమైన చుక్కగా పడుతుంది. పగటి ఫొటోల్లోనూ ఇది జరుగుతుంది గానీ చుట్టూ వెలుతురు ఉండడంతో కంటికి కనబడదు. చీకట్లో దీపం ఉంటే దాక్కోవడానికి దానికి చోటుండదు.

ఆ అనుభవం తర్వాత కొన్నది బీ ప్లస్ డబ్ల్యూ వాళ్ల 007 క్లియర్, 77 ఎంఎం సైజు, ఇత్తడి రింగు, మల్టీ కోటింగ్ ఉన్నది. రెండేళ్లకి పైగా ఒకే లెన్స్ మీద వాడుతున్నాను. ఈ రివ్యూ ముఖ్యంగా దాని గురించే, కానీ మీరు ఏ కంపెనీది కొన్నా చూసుకోవలసినవి అవే కాబట్టి కలిపి రాస్తున్నాను.

ముందుగా కోటింగ్, ఎందుకంటే తేడా అంతా అక్కడే ఉంది. మామూలు అద్దం ఏ పూతా లేకుండా ఉంటే ఒక్కో ముఖం మీద దాదాపు 4 శాతం వెలుతురుని తిప్పికొడుతుంది, రెండు ముఖాలూ కలిపితే దాదాపు 8 శాతం. వెలుతురు తగ్గితే కెమెరా సర్దుకుంటుంది, ఆ బాధ లేదు. తిప్పికొట్టిన వెలుతురు ఎక్కడికి పోతుందన్నదే సమస్య, అది పోయేది నా ఏడు చుక్కల్లోకే. ఎండకి ఎదురుగా తీసినప్పుడు ఫొటో అంతా పాలు కలిపినట్టు తెల్లబారిపోవడానికీ అదే కారణం. మంచి మల్టీ కోటింగ్ ఉంటే ఒక్కో ముఖం మీద అర శాతం లోపే తిరుగుతుంది. 4 ఎక్కడ, అర ఎక్కడ.

దీన్ని చూడటానికి పరికరం ఏదీ అక్కర్లేదు. ట్యూబ్‌లైట్ కింద నిలబడి ఫిల్టర్‌ని అరచేతిలో పట్టుకుని కొంచెం వంచి, అందులో లైటు ప్రతిబింబం ఎలా ఉందో చూడండి. నా పాత ఫిల్టర్‌లో ట్యూబ్‌లైట్ తెల్లగా, కళ్లు చిట్లించేంత ప్రకాశంగా కనబడింది. అంచులు కూడా స్పష్టంగా ఉన్నాయి. కొత్త 007లో అదే ట్యూబ్‌లైట్ సన్నని ముదురు ఆకుపచ్చ గీతలా, ఆరిపోబోతున్నట్టు కనబడింది. అద్దం ఉందా లేదా అని అనుమానం వచ్చి వేలు పెట్టబోయి ఆగిపోయాను. ఒక్కో కంపెనీ కోటింగ్‌కి ఒక్కో రంగు ఉంటుంది, కొన్ని ఊదా, కొన్ని ఆకుపచ్చ. రంగు ముఖ్యం కాదు, ప్రతిబింబం ఎంత మసకగా ఉంటే అంత మంచిది. షాపులో కొంటే అక్కడే చూడండి, ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వాపసు గడువు దాటకముందే చూడండి. డబ్బా మీద మల్టీ కోటింగ్ అని రాసి ఉండటం ఒక్కటే చాలదు, నా పాతదాని రింగు మీద కూడా ఆ మాటే అచ్చు వేసి ఉంది!

ఇక యూవీనా (అతినీలలోహిత కిరణాలని ఆపేది), క్లియరా (ఉత్త అద్దం) అన్న ప్రశ్న. ఫిల్మ్ రోజుల్లో యూవీ ఫిల్టర్‌కి నిజంగా పని ఉండేది. ఫిల్మ్ అతినీలలోహిత కిరణాలకి స్పందిస్తుంది, కొండల మీదా సముద్రం దగ్గరా తీసిన ఫొటోల్లో దూరంగా ఉన్నవి నీలిపొగ కమ్మినట్టు వచ్చేవి, యూవీ ఫిల్టర్ దాన్ని తగ్గించేది. డిజిటల్ కెమెరాలో సెన్సర్ ముందే ఆ కిరణాలని ఆపే పొర ఉంటుంది. కాబట్టి ఇప్పుడు యూవీ ఫిల్టర్ చేసేది కూడా ఒక అద్దం ముక్క చేసే పనే. బీ ప్లస్ డబ్ల్యూలో 010 అంటే యూవీ, 007 అంటే క్లియర్. నికాన్ తన క్లియర్ ఫిల్టర్‌ని ఎన్‌సీ అంటుంది, కెంకో, మరుమి, హోయా, సిగ్మా లాంటివాళ్లు ప్రొటెక్టర్ అనే పేరుతో అమ్ముతారు. డిజిటల్ వాడేవాళ్లు క్లియర్ తీసుకుంటే చాలు. కోటింగ్ బాగున్న యూవీ చేతికి దొరికితే దాన్ని వదిలేయాల్సిన పనీ లేదు, కోటింగ్ లేని క్లియర్ కన్నా అది ఎంతో మెరుగు. ఫిల్మ్ వాడేవాళ్లు మాత్రం యూవీయే తీసుకోండి. పోలరైజర్‌ని, అంటే మెరుపులని తగ్గించే ముదురు ఫిల్టర్‌ని, కాపలాకి శాశ్వతంగా పెట్టి ఉంచేవాళ్లని చూశాను, దయచేసి అలా చేయకండి, అది ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమైనట్టు). ఇంట్లో తీసే ప్రతి ఫొటోలో ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతురుని సరిపెట్టడానికి కెమెరా పెంచే సెట్టింగ్, ఊరికే పెరిగిపోతుంది.

రింగు సంగతి చాలామంది పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. నా పాత ఫిల్టర్‌ది అల్యూమినియం రింగు, లెన్స్ మరలూ లోహానివే. ఒక ఎండాకాలం తర్వాత తీద్దామంటే కదల్లేదు. గట్టిగా పట్టుకుని తిప్పేకొద్దీ ఇంకా బిగుసుకుంది. వేళ్లతో రెండు వైపులా నొక్కితే సన్నని రింగు కోడిగుడ్డు ఆకారంలోకి సాగి మరల్లో ఇంకా పట్టేస్తుందని అప్పుడు తెలియదు. చివరికి సీసా మూతలు తీయడానికి వాడే రబ్బరు షీటు దొరికింది. లెన్స్‌ని బోర్లించి ఫిల్టర్ అంచు మొత్తం దాని మీద సమంగా ఆనేలా పెట్టి, పైనుంచి తేలిగ్గా అదుముతూ తిప్పాను, సులువుగా వచ్చేసింది. మీకు ఇలాంటిది జరిగితే ముందు ఇదే ప్రయత్నించండి, చుట్టూ ఒకే ఒత్తిడి పడాలి, అంతే కిటుకు. ఫిల్టర్ పట్టుకుని తిప్పడానికి ప్లాస్టిక్ రెంచ్‌లు కూడా అమ్ముతారు, అవీ బాగానే పనిచేస్తాయి.

ఇత్తడి రింగుతో ఈ రెండేళ్లలో ఆ బాధ ఒక్కసారీ రాలేదు. రెండు అల్యూమినియం మరలు ఒకదాన్నొకటి పట్టేసుకున్నంత తేలిగ్గా ఇత్తడి పట్టుకోదు. ఎక్కించేటప్పుడే తేడా తెలుస్తుంది. మర అందుకోగానే నూనె రాసిన తాళంలో తాళంచెవి తిరిగినట్టు నున్నగా తిరుగుతుంది, చివర్లో మెల్లగా ఆగుతుంది, అక్కడితో వదిలేయాలి, ఇంకో పట్టు బిగించకూడదు. ఎక్కించే ముందు ఒక చుట్టు వెనక్కి, అంటే ఊడదీసే వైపు తిప్పితే మర సరిగ్గా కూర్చున్నట్టు చిన్న టిక్కు తగులుతుంది, అప్పుడు ముందుకి తిప్పండి. మర అడ్డంగా ఎక్కితే పోయేది ఫిల్టర్ కాదు, లెన్స్ మరలు. ఇత్తడి కొంచెం బరువు ఎక్కువ, చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది, లెన్స్ మీద ఎక్కాక తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ అద్దం దేని నుంచి కాపాడుతుంది? ఇక్కడ నా అభిప్రాయం గట్టిది. మురికి నుంచి, తడి నుంచి, వేళ్ల నుంచి, వాటిని తుడిచీ తుడిచీ వచ్చే గీతల నుంచి కాపాడుతుంది. కింద పడితే కాపాడుతుందని నమ్మకండి. మా తమ్ముడి లెన్స్ టేబుల్ మీంచి పడింది, ఫిల్టర్ ముక్కలైంది, లెన్స్ ముందు అద్దానికి ఏమీ కాలేదు. ఇంట్లో అందరూ ఫిల్టర్ కాపాడింది అన్నారు. ఫిల్టర్ పల్చని అద్దం, లెన్స్ ముందు అద్దం దానికన్నా ఎన్నో రెట్లు మందం, ఫిల్టర్ పగిలిన దెబ్బకి లెన్స్ కూడా పగిలి ఉండేదని అనుకోవడానికి లేదు. పైగా పగిలిన ముక్కలే ముందు అద్దం మీద గీతలు పెట్టగలవు. వాడి లెన్స్ విషయంలో రింగు సొట్టపడి దెబ్బని కొంత తీసుకుంది, లెన్స్ మరలు వంగకుండా మిగిలాయి, ఆ మేరకు మేలు జరిగింది, కాదనను. కానీ దెబ్బలకి సరైన మందు హుడ్, లెన్స్ ముందు అంచుకి తగిలించే గొట్టంలాంటి తొడుగు. హుడ్ ముందుకి పొడుచుకుని ఉంటుంది, దెబ్బ ముందు దానికి తగులుతుంది, ప్లాస్టిక్ కాబట్టి వంగి అదురుని మింగుతుంది, పక్కనుంచి వచ్చే ఎండనీ ఆపుతుంది, ఫొటో నాణ్యతని ఒక్క పిసరు కూడా తగ్గించదు. చాలా లెన్సులకి డబ్బాలోనే వస్తుంది, దాన్ని తిరగేసి అలాగే ఉంచుకుని తిరుగుతారు. దాన్ని సరిగా తిప్పి పెట్టుకోండి.

ముందు అద్దం మీద చిన్న గీత పడితే లెన్స్ పని అయిపోయినట్టేనన్న భయం కూడా చాలామందికి ఉంది, ఆ భయంతోనే ఫిల్టర్లు అమ్ముడవుతాయి. ఆ గీత ఫోకస్ పడే చోటికి చాలా దూరంలో ఉంటుంది కాబట్టి మామూలు ఫొటోల్లో దాదాపు కనబడదు. వైడ్ లెన్స్‌తో (ఎక్కువ వెడల్పు దృశ్యం పట్టేది), ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, బాగా మూసి, సూర్యుడు ఫ్రేములో ఉండగా తీస్తే మాత్రం బయటపడొచ్చు. నిజంగా జాగ్రత్త పడాల్సింది వెనక అద్దం, సెన్సర్ వైపు ఉండేది, దాని మీద పడిన గీత, మరక ఎక్కువ నష్టం చేస్తాయి. వెనక మూత లేకుండా లెన్స్‌ని బ్యాగులో పడేసేవాళ్లని చూస్తే నా ప్రాణం విలవిల్లాడుతుంది.

మరి ఫిల్టర్ ఎందుకు ఉంచుకున్నానంటే సముద్రం కోసం. గాలి బలంగా ఉన్నరోజు తీరంలో గంటసేపు నిలబడితే అద్దం మీద ఉప్పు తుంపర సన్నగా పేరుకుంటుంది, ఎండలో అడ్డంగా పట్టుకుని చూస్తే బూజు పట్టినట్టు కనబడుతుంది. ఇసుక కూడా కలిసి ఉంటుంది. దాన్ని చొక్కా అంచుతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. లెన్స్ అద్దం అయితే అక్కడ తుడవడానికి చేయి రాదు, ఫిల్టర్ కాబట్టి ముందు బ్లోయర్‌తో (గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊది, ఇసుక పోయిందని నమ్మకం కుదిరాక గుడ్డ పెట్టాను. ఇంటికొచ్చాక ఊడదీసి విడిగా పట్టుకుని రెండు వైపులా నింపాదిగా శుభ్రం చేశాను. 007 మీద నీటిబొట్లు పరుచుకోకుండా ముత్యాల్లా గుండ్రంగా నిలబడ్డాయి, ఒకసారి ఊదితే చాలావరకు జారిపోయాయి. పాప తన వేలిముద్రలు నిండుగా వేసినా రెండు తుడుపుల్లో పోయాయి. పాత ఫిల్టర్ మీద అదే జిడ్డు ఎంత తుడిచినా ఇంద్రధనుస్సు రంగుల్లో అటూ ఇటూ పాకేది తప్ప పోయేది కాదు. శుభ్రం చేసే ద్రవాన్ని గుడ్డ మీద వేసుకోండి, నేరుగా అద్దం మీద చల్లితే రింగుకీ అద్దానికీ మధ్య సందులోకి దిగుతుంది.

వాన, దుమ్ము తట్టుకుంటాయని చెప్పే లెన్సుల్లో కొన్నింటికి ముందు ఫిల్టర్ పెడితేనే ఆ రక్షణ పూర్తవుతుంది. కెనాన్ 17-40 ఎంఎం ఎఫ్/4 ఎల్ అలాంటిదే. మీ లెన్స్‌తో వచ్చిన పుస్తకంలో ఆ మాట ఉందేమో చూడండి, ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదు, మంచి ఫిల్టర్ కొనెయ్యండి. నికాన్ 14-24 ఎంఎం ఎఫ్/2.8జీ లాంటివాటికి ముందు అద్దం ఉబ్బెత్తుగా బయటికి వచ్చి ఉంటుంది, మామూలు మర ఫిల్టర్ దానికి పట్టదు.

సైజు దగ్గర తప్పు చేసేవాళ్లు చాలామంది. లెన్స్ మీద 50 ఎంఎం అని ఉంటే 50 ఎంఎం ఫిల్టర్ వెతుకుతారు. అది ఫోకల్ లెంగ్త్, లెన్స్ దృశ్యాన్ని ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే కొలత. ఫిల్టర్ సైజు లెన్స్ ముందు అంచు మీదో, మూత లోపలి వైపో, సున్నాకి అడ్డంగా గీత గీసినట్టుండే గుర్తు పక్కన ఉంటుంది, 49, 52, 58, 67, 77, 82 ఇలా. పెద్ద సైజు ఫిల్టర్ ఒకటే కొని అడాప్టర్ రింగులతో అన్ని లెన్సులకీ వాడుకోవచ్చన్న సలహా పోలరైజర్‌కి సరిపోతుంది. ఎప్పుడూ ఉండాల్సిన ప్రొటెక్టర్‌కి సరిపోదు, రింగు పెడితే హుడ్ పట్టడం మానేస్తుంది.

వైడ్ లెన్స్ ఉంటే రింగు మందం చూసుకోండి. మందపు రింగు ఫ్రేము మూలల్లోకి చొరబడి నల్లగా కనబడుతుంది, దాని మీద ఇంకో ఫిల్టర్ ఎక్కిస్తే మరీను. పోలరైజర్ పెట్టాలనుకున్నప్పుడు ప్రొటెక్టర్‌ని తీసేసి పెట్టండి. స్లిమ్ రింగులు ఈ బాధ తప్పిస్తాయి, కానీ బాగా సన్నవాటిలో కొన్నింటికి ముందు వైపు మరలు ఉండవు, లెన్స్ మూత నిలబడదు. కొనేముందు ఇది తప్పకుండా అడగండి.

దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే టెలి లెన్స్‌కి లెక్క వేరు. అక్కడ కోటింగ్‌తోపాటు అద్దం ఎంత చదునుగా ఉందన్నదీ ముఖ్యం. ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ అద్దంలోని చిన్న వంపు కూడా పెద్దదై కనబడుతుంది. 400 ఎంఎం దగ్గర ఒక పక్షిని నా పాత రకం ఫిల్టర్‌తోనూ, లేకుండానూ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. ఫిల్టర్ లేనిదాంట్లో మెడ దగ్గర ఈకలు వెంట్రుక వెంట్రుకగా విడివిడిగా ఉన్నాయి. ఫిల్టర్ ఉన్నదాంట్లో అవన్నీ తడిసి అతుక్కున్నట్టున్నాయి, వెనకాల మసకగా ఉండాల్సిన కొమ్మలు రెండేసి గీతలుగా చీలిపోయాయి. ఫోకస్ తప్పిందని నెలలపాటు కెమెరాని అనుమానించేవాళ్లు ఒకసారి ఫిల్టర్ తీసి చూడండి. నేను పొడవు లెన్స్‌కి ఇప్పుడు ఏ ఫిల్టరూ పెట్టడం లేదు, లోతైన హుడ్ ఉంది, అది చాలు. 600 ఎంఎం ఎఫ్/4 లాంటి భారీ లెన్సుల్లో ముందు మరలే ఉండవు, ఫిల్టర్ కోసం వెనక చిన్న అర ఉంటుంది.

007లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఉప్పునీటి బొట్టు ఎండిపోతే దీని మీద కూడా మరక కడుతుంది, దానికి ద్రవం తప్పదు. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వస్తే దీని బయటి ముఖం మీద పొగమంచు పడుతుంది, ఒకసారి లోపలి వైపు కూడా పడితే ఊడదీసి ఆరబెట్టాల్సి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, రాత్రి దీపాల ఫొటోలో దీనికి కూడా చుక్కలు వస్తాయి. పాతదానితో పోలిస్తే నీడలంత, మామూలుగా చూస్తే కనబడనంత. ఫొటోలోని చీకటి భాగాలని కాస్త వెలుతురుగా ఎడిట్ చేసినప్పుడు ఏడు చుక్కలూ ఉన్నాయి, లెక్కపెట్టాను. ఎంత మంచి కోటింగ్ అయినా చదునైన అద్దం చదునైన అద్దమే.

నకిలీలు కూడా తిరుగుతున్నాయి, పేరున్న కంపెనీలకే ఎక్కువ. రింగు మీద అక్షరాలు చెదిరినట్టున్నా, ఇత్తడి అని చెప్పింది చేతిలో దూదిలా తేలిపోయినా, ట్యూబ్‌లైట్ తెల్లగా వెలిగిపోయినా వాపసు ఇచ్చేయండి. నాణ్యమైనవాటిలో హోయా హెచ్‌డీ గట్టిపరిచిన అద్దంతో వస్తుంది, సిగ్మా సిరామిక్ ప్రొటెక్టర్‌లో వాడింది పారదర్శకమైన గ్లాస్ సిరామిక్, దెబ్బలకి తట్టుకోవడం ముఖ్యమైతే వాటినీ చూడండి.

నేను వాడే పద్ధతి ఇది. పగలు, దుమ్ములో, తీరంలో, పిల్లల మధ్య ఫిల్టర్ ఉంటుంది. చీకటి పడి ఫ్రేములోకి దీపం వచ్చినా, సూర్యుడికి ఎదురుగా తీస్తున్నా ముందు ఫిల్టర్ తీసి దాని గుండ్రని డబ్బాలో పెట్టి, డబ్బాని ఎప్పుడూ బ్యాగు ఎడమ జేబులోనే పెడతాను. మొన్న అదే రోడ్డు మీద అదే చోట ట్రైపాడ్ వేసి, ఫిల్టర్ తీసేసి మళ్లీ 8 సెకన్లు ఇచ్చాను. దీపాలు ఏడు. కింద చీకటి చీకటిలాగే ఉంది.